నిప్పు పక్కన చోటు

నవంబరు 9

ఇంటిని వేడి చేసే బాయిలర్ ఆగిపోయింది. పొద్దున లేచి చూస్తే ఇంట్లో రేడియేటర్లన్నీ శవంలా చల్లగా ఉన్నాయి. పెరట్లోకి వెళ్లి, వానలో నిలబడి, దాని మూత ఎత్తాను. ఎర్ర లైటు. బటన్ నొక్కితే కాసేపు గుర్రుమని మళ్లీ ఎర్ర లైటే చూపించింది. మొండి గాడిద.

వంటింట్లోకి వస్తే మా ఆడపడుచు అట్రాక్టా కోటు, టోపీ, చేతి తొడుగులతో సహా బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ తొడుగులు చలికి కాదు, నాకు చూపించడానికి.

“మా తమ్ముడుంటే ఈపాటికి వెలిగేది,” అంది.

“మీ తమ్ముడు ఏనాడూ ఆ మూత ఎత్తి ఎరగడు వదినా. నేనే ఎత్తేదాన్ని.”

“అందుకే కాబోలు చెడింది.”

మధ్యాహ్నం షేమీ వచ్చాడు. ఈ చుట్టుపక్కల కిరసనాయిలు బాయిలర్లన్నీ అతని చేతుల మీదే బతుకుతున్నాయి, ఆ సంగతి అతనికీ తెలుసు. ట్యాంకు దగ్గరున్న ఫిల్టర్ విప్పి గాజు గిన్నె ఎత్తి చూపించాడు. అడుగున నీళ్లు. ట్యాంకు మూతకు పగులుంది, వాన దిగింది, అంతే. నీళ్లు పారబోసి, పైపులో చేరిన గాలి వదిలించి, వెలిగించాడు. ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంది. పని చేసేటప్పుడు అది కట్టేయాలట, అయ్యాక మర్చిపోకుండా తెరవాలట. లేకపోతే నూనె అందక మళ్లీ ఎర్ర లైటేనట.

తర్వాత టీకి కూర్చుని ఆపిల్ టార్ట్ సగం లాగించాడు. ఆ ఎర్ర బటన్ గురించి ఏదో పాఠం చెప్పాడు. నేను టార్ట్ ఎంత మిగులుతుందా అని చూస్తున్నాను, వినలేదు. వదిన విన్నది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గుళ్లో ఫాదర్ ప్రసంగం వింటున్నట్టు విన్నది. ఆమెకు వేరే పనేముంది.

నవంబరు 10

నడుస్తోంది.

నవంబరు 14

టౌనుకెళ్లి, కారిక్‌లో ఇళ్లు అమ్మిపెట్టే ఆయనతో మాట్లాడాను. స్ట్రాండ్‌హిల్‌లో ఆ ఫ్లాటు ఇంకా ఖాళీగానే ఉందట. సముద్రం ఎదురుగా, ఒకటే పడగ్గది. ఒకటే కదా అని మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాను. ఈ ఇల్లు అమ్మితే అది వచ్చేస్తుంది. ఆయన గొంతు సవరించుకుని, “ముసలావిడ సంగతి తేల్చారా?” అన్నాడు.

ముసలావిడ సంగతి మా ఆయన మాలకీ తేల్చేసి పోయాడు. ఇల్లు నాకు. వాళ్లక్కకు బతికినంతకాలం వెనక గది, నిప్పు పక్కన చోటు, ఆదివారం పూజకు బండి. మా పేటలో వీలునామాలన్నీ ఇలాగే రాస్తారు, తాతల నాటి నుంచి. పెళ్లికాని ఆడపిల్లకు నిప్పు పక్కన చోటు. తనంతట తాను వెళ్లిపోతానని సంతకం పెడితే తప్ప ఆమెను కదిలించే వీలు లేదు, ఇల్లు అమ్మే వీలు లేదు. అసలు ఈ ఇంట్లో నిప్పే లేదు. బాయిలర్ పెట్టించిన ఏడాది పొయ్యిలన్నిటినీ ఇటుకలతో మూయించింది మాలకీయే. కాకులు గూళ్లు పెడుతున్నాయని. లేని నిప్పు పక్కన చోటు రాసిచ్చి చచ్చిపోయాడు.

నిప్పున్న రోజుల్లో మాత్రం నాకు చోటుండేదా? నేను పెళ్లయి వచ్చినప్పుడు ఈ వంటింటి పొయ్యి వదినది. బురదనేలలో కోసి ఎండబెట్టిన టర్ఫ్ పెళ్లలు పేర్చడం, పడుకోబోయే ముందు నిప్పుల మీద బూడిద కప్పడం, పొద్దున్నే ఊది లేపడం, అన్నీ ఆమే. ఒక్కసారి నేను కప్పాను. తెల్లారేసరికి ఆరిపోయింది. ‘మా మరదలి చేతిలో నిప్పు నిలవదు’ అని గుడి మెట్ల మీద నిలబడి వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పింది. తర్వాత నాకు పిల్లలు పుట్టకపోతే అదే మాట, అదే మెట్ల మీద, ఇంకాస్త జాలిగా చెప్పింది.

నేనేమీ మనసులో పెట్టుకోలేదు.

నవంబరు 19

మళ్లీ ఆగింది. గాలి బాగా వీస్తోంది. నేను పెరట్లోకి బయల్దేరేలోపే వదిన చేతిసంచీతో వంటింట్లోకి వచ్చింది.

“ఈ చలికి నేను తాళలేను. నోరీన్ ఇంటికి పోతా. స్టవ్ ఉంది వాళ్లకి.”

“వెళ్లిరా వదినా. నేను దీని సంగతి చూస్తా.”

“చూస్తావులే.”

కారులో దింపి వచ్చాను. నోరీన్ మా పక్క పొలం ఆవిడ, మంచిది, నోరు మాత్రం ఊరికి రేడియో.

నవంబరు 21

ఇంట్లో ఎవరూ లేరు. మాలకీ స్వెటర్ వేసుకుని, వంటింట్లో నిలబడే గుడ్డు తిన్నాను, సింకు మీద పెంకులు వదిలేశాను. ఎవరూ ఏమీ అనలేదు. వెనక గది తలుపు తెరిచి చూశాను. ఆ గదిలో కూడా సముద్రం శబ్దం వచ్చినట్టే అనిపించింది, కిటికీ బిగించకపోవడం వల్ల గాలి అంతే.

సాయంత్రం నోరీన్ ఫోన్. “అట్రాక్టా ముసలివాళ్లుండే నర్సింగ్ హోమ్ మాట ఎత్తిందే గొరెట్టీ. తన స్నేహితురాలు అక్కడుందట కదా. లోపల పల్చటి జాకెట్టుతో తిరుగుతారట, అంత వెచ్చగా ఉంటుందట.”

“పాపం, ఆమె ఇష్టం,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక బయటికెళ్లి బటన్ నొక్కాను. ఒక్క నొక్కుకే వెలిగింది. ఇన్నాళ్లూ ఎందుకు నొక్కలేదంటే, వెలుగుతుందని నాకు తెలియదు కాబట్టి.

నవంబరు 30

ఆగింది. నేను ముట్టుకోలేదు. నొక్కనూ లేదు. నొక్కకపోవడం ఒక పని కాదు, ఎవరూ దాన్ని చేయరు.

నోరీన్ ఇంటి నుంచి తిరిగొచ్చిన వదిన వెనక గదిలో దుప్పట్లు కప్పుకుని జపమాల తిప్పుతోంది. నా గదిలో చిన్న కరెంటు హీటరుంది. అది నా గదికే సరిపోతుంది.

డిసెంబరు 5

ఈసారి దానంతట అది ఆగడం లేదు. మర్నాడు నొక్కక తప్పలేదు, నాలుగు రోజులుగా చక్కగా నడుస్తోంది. వదిన బుగ్గలు ఎర్రబడ్డాయి, నర్సింగ్ హోమ్ మాటే ఎత్తడం లేదు. పైగా నిన్న నా టీ తాగి, “నీళ్లలా ఉంది” అంది.

కుళాయి సరిగ్గా తెరిచి ఉందో లేదో చూద్దామని ట్యాంకు దగ్గరికి వెళ్లాను. అది బిగుతుగా ఉంటుంది. తెరిచి ఉందో లేదో తెలియాలంటే ముందు మూసి చూడాలి. మూసి చూశాను. ఈలోపు చేతులు కొంకర్లు పోయాయి, లోపలికి వచ్చేశాను.

వెనక గది కిటికీకి ట్యాంకు కనిపిస్తుంది. అయినా ఆమె కళ్లు మసక.

డిసెంబరు 6

షేమీ వచ్చాడు. పాపం అతను ఇబ్బంది పడకూడదని వచ్చేముందే కుళాయి తెరిచి ఉంచాను. పైపులో గాలి పట్టిందన్నాడు. ఎక్కడో సందుంది, అందులోంచి గాలి లాగుతోంది అని పైపు పొడవునా వంగి వంగి వెతికాడు. ఒక అతుకు మార్చాడు, నూనె చిమ్మే నాజిల్ మార్చాడు, మంటను కనిపెట్టే గాజు కన్ను తుడిచాడు.

“ఇక దీనికి ఏ రోగమూ లేదక్కా,” అన్నాడు.

“ఉంటే మాత్రం నువ్వున్నావుగా.”

వదిన అతని ఎదురుగా కూర్చుని పాఠం వల్లె వేసే బడిపిల్లలా, “ఆ బటన్ సంగతి మళ్లీ చెప్పు షేమీ,” అంది. అతను చెప్పాడు, ఆమె తిరిగి అప్పజెప్పింది. ముసలితనంలో చదువు. నేను గిన్నెలు కడుగుతూ కుళాయి ధార పెంచాను.

డిసెంబరు 7

గాలి. ఆగింది.

డిసెంబరు 18

షేమీ మూడోసారి. ఈసారి నాజిల్ కాదు, ఫిల్టర్ కాదు, పడమటి గాలి పొగగొట్టంలో దూరి మంటను ఊదేస్తోందని తేల్చాడు. వంచిన రేకు ఒకటి తెచ్చి గొట్టానికి అడ్డం బిగించాడు. గొప్ప తెలివి. నేను రేకును మెచ్చుకున్నాను.

వెళ్లేటప్పుడు వ్యాన్ తలుపు పట్టుకుని అన్నాడు: “ఒక్క విషయం అక్కా. నేనొచ్చేసరికి ఎప్పుడూ వెలుగుతుందేంటి ఇది? నన్ను చూస్తే భయమా దానికి?”

“నిన్ను చూస్తే అందరికీ భయమే.”

నవ్వాడు. కానీ మళ్లీ పిలిస్తే తొందరపడి రాడేమో అనిపించింది. బాయిలర్ మూత మరలు ప్రతిసారీ విప్పలేక వాటిని తీసి గూట్లో పెట్టాను. ఊరికే పైన పెడితే చాలు, బరువుకి అదే నిలబడుతుంది.

డిసెంబరు 25

బాతు. బంగాళాదుంపలు. నోరీన్ తెచ్చిన పుడ్డింగ్. అతిథులొచ్చారని పొద్దున వెలిగింది, వాళ్లు వెళ్లాక ఆగింది. వదిన బహుమతిగా నాకు ఊలు చేతి తొడుగులిచ్చింది. “పెరట్లో అంతసేపు ఉంటావు కదా,” అంది.

జనవరి 11

బయట గడ్డి తెల్లగా గడ్డకట్టింది. కారులో హీటర్ వేసుకుని కారిక్ వెళ్లి, హోటల్లో సూప్ తాగి, పేపర్ మొత్తం చదివి వచ్చాను. వచ్చేసరికి వదిన వంటింట్లో ఓవెన్ తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని, పాదాలు లోపలికి పెట్టినంత పని చేసి కూర్చుని ఉంది. కాళ్లకు మేజోళ్లు లేవు. వేళ్లు వంకాయల రంగులో ఉన్నాయి.

ఓవెన్ కట్టేశాను. గ్యాసు ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఆమె లేవలేదు. చల్లారుతున్న ఓవెన్ వైపే చూస్తూ అంది: “ఎన్నాళ్లుంటుందంటావ్?”

“ఏది?”

“ఈ గాలి.”

“గాలిని నేనేం చేస్తాను వదినా. చలికాలమంతా ఉంటుంది. నర్సింగ్ హోమ్‌లో ఏ గాలీ ఉండదట, అంతా వేడేనట.”

“అలాగా.”

“నీ మంచికే చెబుతున్నా.”

“నీకు ఎప్పుడూ నా మంచే.”

ఆమె పాదాలను గౌను అంచుతో చుట్టుకుంది. నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది. వేడినీళ్ల సంచి నింపి ఇద్దామనుకుని నింపాను, తర్వాత అది నా పక్కలోకి తీసుకుపోయాను. ఇస్తే ఇంకొక వారం లాగుతుంది, అది ఆమెకే మంచిది కాదు.

జనవరి 12

ఆమె దగ్గుతోంది. గోడ పల్చన.

జనవరి 20

అట్రాక్టాను ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరట. అంబులెన్స్ వాళ్లలో ఒకతను హాల్లో నిలబడి తన నోటి ఆవిరిని తానే చూసుకుని, నా వైపు చూశాడు. బాయిలర్ గురించి చెప్పాను. షేమీ ఎన్నిసార్లు వచ్చాడో, ఏమేం మార్చాడో మొత్తం చెప్పాను. రేకు కూడా చూపించాను. నేను చేయని ప్రయత్నం లేదు.

ఆమె స్ట్రెచర్ మీద ఉండి నా చెయ్యి పట్టుకుంది. వాళ్లు ప్రేమ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, గోళ్లు గుచ్చుకునేదాకా.

జనవరి 23

ఇంట్లో వెచ్చగా ఉంది. బాయిలర్ చాలా బాగా నడుస్తోంది.

ఫిబ్రవరి 3

తిరిగి తీసుకొచ్చాను. సగమైపోయింది మనిషి. ఇంటి ముందు కారు ఆపాక సీటు బెల్టు విప్పుకోకుండా కూర్చుని, మేం మూయించిన పొయ్యి పొగగొట్టం వైపు చూస్తూ అంది:

“పోతా. సంతకం పెడతా.”

ముఖంలో ఏమీ కనపడకుండా, “తొందరేం లేదు వదినా,” అన్నాను.

“మార్చిలో ఇంటి పూజ వంతు మనదే కదా.”

ఔను. ఏడాదికొక ఇంట్లో పూజ, పేట మొత్తం ఆ ఇంట్లో. ఈ ఏడు మా వంతు. నేను మర్చిపోయినట్టే ఉన్నాను.

“మా అమ్మ ఉన్నప్పుడు ఈ ఇంట్లో పూజ చూశా. ఒక్కసారి మళ్లీ చూసి పోతా. పూజ అయ్యాక ఫాదర్ లోర్కన్ ముందరే, అందరి ముందరే సంతకం పెడతా. కానీ గొరెట్టీ.”

“చెప్పు.”

“ఇల్లు వెచ్చగా ఉండాలి ఆ రోజు. చలిగా ఉందో, పెట్టను.”

“వెచ్చగా ఉంటుంది.”

“గాలి వీస్తేనో?”

“వీయదు,” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె అప్పటికే కారు తలుపు తెరుస్తోంది.

ఫిబ్రవరి 4

కుళాయి పూర్తిగా తెరిచాను. తెరిచి, ఇంకోసారి తిప్పి చూశాను. ఇంకెప్పుడూ దాని జోలికి పోను. పోవాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరి 26

ముందు గదికి రంగు వేయించాను. తెరలు ఉతికాను. మంచి కప్పులు అల్మారా పైనుంచి దించాను. ఇళ్లు అమ్మిపెట్టే ఆయనతో ‘మార్చి నెలాఖరు’ అన్నాను. వదిన రోజూ వంటింట్లో రేడియేటరుకు వీపు ఆనించి నిలబడుతుంది, పిల్లిలా కళ్లు మూసుకుని. టీ గురించి ఏమీ అనడం లేదు. ఈ చలికాలమంతా ఇలాగే ఉండి ఉంటే ఎంత బాగుండేది, మనిషి మంచిదే.

మార్చి 12, పొద్దున

ఈరోజే పూజ. హామ్ కోసి పెట్టాను. నిన్న వాన పడమటి నుంచి ఈడ్చి ఈడ్చి కొట్టింది.

రేడియేటర్లు చల్లగా ఉన్నాయి. నేను ఏమీ చేయలేదు. దేవుడి తోడు, ఈసారి నేనేమీ చేయలేదు.

మార్చి 30

ఆస్పత్రి నుంచి నిన్న ఇంటికొచ్చాను, ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. నేను తప్ప ఎవరూ చదవనక్కర్లేదు.

ఆ రోజు సంగతి రాయాలి.

షేమీకి ఫోన్ చేశాను. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తాడు. పశువుల సంతలో ఉన్నాడట, వెనక ఆవుల అరుపులు. “సాయంత్రం వస్తాలే అక్కా. ఎలాగూ నేనొచ్చేసరికి వెలిగిపోతుందిగా అది,” అని నవ్వి పెట్టేశాడు. సాయంత్రానికి జనమంతా వచ్చేస్తారు. ఇల్లు చలిగా ఉంటే ఆమె సంతకం పెట్టదు.

వెళ్లి మూత ఎత్తాను. మరలు లేని మూత కదా, గాలికి పక్కకు జరిగి ఉంది. లోపలంతా తడి. కుళాయి చూశాను, తెరిచే ఉంది. బటన్ నొక్కాను. గుర్రుమంది. ఎర్ర లైటు. కాసేపు ఆగి నొక్కాను. ఎర్ర లైటు.

వెనక గది కిటికీ తెరుచుకుంది. వదిన మంచి నీలం దుస్తుల్లో ఉంది, జపమాల చేతికి చుట్టుకుని.

“పట్టుకోలేదా?”

“పట్టుకుంటుంది.”

“మళ్లీ నొక్కు.”

నొక్కాను.

“ఇంకోసారి. ఈసారి గుర్రుమన్న చప్పుడు బాగుంది. నాకు వినపడింది.”

నొక్కాను. కిరసనాయిలు వాసన వచ్చింది. వాసన వస్తోందని ఆమెతోనే అన్నాను.

“నూనె అందుతోందన్నమాట. మంచిదే కదా. నొక్కు గొరెట్టీ, అందరూ వచ్చే వేళయింది.”

అంత మెత్తగా ఆమె నా పేరు పలకడం ఈ ఇంటికి వచ్చాక ఎప్పుడూ వినలేదు. నొక్కాను. ఇంకా నొక్కాను. లోపల ఏమవుతోందో చూద్దామని వంగి, కుడి చెయ్యి అంచు మీద ఆనించి, నొక్కాను.

అప్పుడు వెలిగింది.

చప్పుడు గుర్తుంది. బాయిలర్ ముందు పలక ఊడి వచ్చి మంట నా చేతి మీదుగా బయటికి రావడం గుర్తుంది. నా వెంట్రుకలు కాలిన వాసన. కిటికీ మూసిన శబ్దం. దాని గొళ్లెం వేసిన శబ్దం కూడా. ఆ తర్వాత నోరీన్, పెరటి కుళాయి కింద నా చెయ్యి పట్టుకుని, నోరు మూయకుండా ఏడుస్తోంది.

ఏప్రిల్ 1

షేమీ నన్ను ఆస్పత్రిలో చూడ్డానికి వచ్చినప్పుడు టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

“ఎన్నిసార్లు నొక్కావక్కా?”

“లెక్కపెట్టలేదు.”

“రెండుసార్లకు మించి నొక్కొద్దని మొదటి రోజే చెప్పా కదా. నొక్కినప్పుడల్లా లోపలికి నూనె చిమ్ముతుంది. నిప్పురవ్వ తడిసి పుట్టకపోతే ఆ నూనె అడుగున మడుగు కడుతుంది. ఆఖరికి రవ్వ పుట్టిందా, మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. నీకు గుర్తులేకపోయినా అట్రాక్టాకు బాగా తెలుసే. తిరిగి అప్పజెప్పింది కూడా నాకు, పొల్లుపోకుండా. ఆవిడ అక్కడ లేదా ఏంటి?”

“లోపల ఉంది,” అన్నాను. “జపం చేసుకుంటోంది.”

అలా ఎందుకన్నానో నాకు తెలుసు. ఆమె నొక్కమందని నేను చెబితే, ఆమె కుళాయి సంగతి చెబుతుంది. కిటికీలోంచి చలికాలమంతా చూసింది మరి. ఆమె కళ్లకు మసక లేదు.

ఏప్రిల్ 3

ఆ సాయంత్రం పూజ ఆగలేదట. నోరీన్ చెప్పింది. నన్ను అంబులెన్స్ ఎక్కించాక అందరూ కోట్లతోనే ముందు గదిలో కూర్చున్నారట, మధ్యలో వదిన, మాలకీ కుర్చీలో. పూజ అయ్యాక ఫాదర్ లోర్కన్ సంతకం మాట అడిగాడట, ఏదో కాగితం ఉందన్నారే అని.

“అప్పుడేమందో తెలుసా గొరెట్టీ?” నోరీన్ కళ్లు తుడుచుకుంది. “‘పోదామనే అనుకున్నా ఫాదర్. కానీ చెయ్యి కాలిన మరదల్ని ఒంటరిగా వదిలేసి నేనెక్కడికి పోతాను? మా తమ్ముడికి ఏం సమాధానం చెప్పను?’ అంది. ఏడవనివాళ్లు ఒక్కళ్లు లేరనుకో. నీ అదృష్టమే.”

స్ట్రాండ్‌హిల్ ఫ్లాటు ఎవరో తీసుకున్నారు.

ఏప్రిల్ 6

కొత్త పలక, కొత్త భాగాలు వేసి షేమీ బాయిలర్ నడిపించాడు. మూతకు మరలు బిగించాడు. ఆ మరలు విప్పే పనిముట్టు ఒకటి వదినకు ఇచ్చి వెళ్లాడు. నాకివ్వలేదు, నా చెయ్యి చూస్తే ఎవరూ ఇవ్వరు.

పేటలో మగవాళ్లంతా కలిసి, జాలిపడి, వెనక గదిలో మూసిన పొయ్యి ఇటుకలు పగలగొట్టి తెరిచిపెట్టారు. కాకిగూళ్లు బస్తాల్లో తీశారు. టర్ఫ్ పెళ్లలు తలా ఒక ట్రాక్టరు తోలారు. సాయంత్రం వేళకు ఆ గది తలుపు కింద నుంచి ఎర్రటి వెలుగు కనపడుతుంది. తలుపు మూసే ఉంటుంది. పొగ ఇల్లంతా వస్తుందట, నా ఊపిరికి మంచిది కాదట.

నా కరెంటు హీటరు కనపడలేదు. అడిగితే, కాలిన చేతికి వేడి తగలకూడదని నర్సు చెప్పిందంది. గుడి వాళ్లకు ఇచ్చేసిందట.

ఏప్రిల్ 8

వదిన కట్టు మార్చింది. నర్సు ఎలా చుట్టిందో చూసి నేర్చుకుంది, ఆమె ఏదైనా తొందరగా నేర్చుకుంటుంది. చివరి చుట్టు ముడి వేస్తూ, నా వేళ్ల చివర్లు చూస్తూ, చాలా నెమ్మదిగా అంది:

“నీ చేతిలో నిప్పు నిలవదని నేనెప్పుడో చెప్పా.”

నా కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి నొప్పికి వచ్చాయని ఆమె అనుకుంది. లేదా అనుకోలేదు.

ఏప్రిల్ 10

వేసవి దగ్గరపడుతున్నా చలి వదలడం లేదు. రేడియేటర్లు మళ్లీ చల్లబడ్డాయి. దుప్పటి కప్పుకుని వెనక గది తలుపు కొట్టాను. లోపల వెచ్చదనం మొహానికి తగిలింది. ఆమె పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని బూడిద సర్దుతోంది.

“బాయిలర్ ఆగినట్టుంది వదినా.”

“చూసొస్తా ఉండు.”

నా ఊలు తొడుగులు వేసుకుని వెళ్లింది, ఆమె నాకిచ్చినవే. వంటింటి కిటికీలోంచి చూద్దామనుకుని, చూడలేదు. తిరిగొచ్చి తలుపు దగ్గర కాళ్లు తుడుచుకుంది.

“ఎర్ర లైటు.”

“నొక్కావా?”

“అమ్మో. నాకు భయం. నీకయినట్టు అయితేనో?”

“షేమీని పిలుద్దాం.”

“పిలుస్తా. నిప్పు కాస్త సర్దుకోనీ.” తొడుగులు ఒక్కొక్క వేలు లాగి విప్పింది. “గాలి గొరెట్టీ. గాలికి మనమేం చేస్తాం.”

వెళ్లి తలుపు వేసుకుంది. అప్పుడు కిటికీ దగ్గరికి వెళ్లాను. పెరట్లో తీగ మీద నా కట్టు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఒక్కటి కూడా కదలడం లేదు.

గాలే అయి ఉంటుంది. కాదంటే, నీకెలా తెలుసని అడుగుతుంది.